ఆరున్నొక్కటి

ఆ గేటు దగ్గరి గంటను బయటికి వెళ్లేవాళ్ల కోసం పెట్టారు. పొద్దంతా ప్రయోగశాలలో పనిచేసినవాళ్లు ఒంటికో బట్టకో ఏ రేడియేషన్ రేణువో అంటించుకుని ఇంటికి మోసుకుపోకూడదు కదా. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని పొద్దున్నే లోపలికి వచ్చే మనిషిని చూసి అది ఏనాడూ కూసిన పాపాన పోలేదు. ఆ రోజు కూసింది.

హైమవతి ఒక అడుగు వెనక్కి వేసింది. గంట ఆగింది. ముందుకు వచ్చింది. మళ్లీ మోగింది.

“ఇదేటమ్మా?” అన్నాడు కాపలాదారు సింహాచలం, నవ్వాలో భయపడాలో తెలియక. “ఎల్లినప్పుడు కూయాల గానీ వచ్చినప్పుడు కూస్తన్నాదేటి? చలికి దీనికి మతి పోనాది.”

“మతి పోయింది దానికో నాకో చూద్దాం. ఆ చేతి కౌంటరు ఇలా ఇవ్వు.”

చెప్పుల దగ్గర పెట్టి చూసుకుంది. చీర అంచు, చేతులు, జడ. కౌంటరు పలకలేదు. మెడ దగ్గరికి రాగానే పోపులో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. నల్లపూసలు పక్కకు తప్పించి పుస్తెలను అరచేతిలోకి తీసుకుంది. చప్పుడు కూడా మెడను వదిలి అరచేతిలోకి వచ్చింది.

సింహాచలం మొహంలో నవ్వు ఆరిపోయింది. హైమకు ముచ్చెమటలు పోశాయి. లంబసింగి దాటాక ఆ కొండ మీద పొద్దున్నే ఊపిరి పీలిస్తే ముక్కు మొద్దుబారే చలి, ఆమెకేమో వీపంతా తడిసిపోయింది.

బంగారం ఊరికే కూయదు. ఆమెకు ఆ లెక్క నిద్రలో లేపి అడిగినా వస్తుంది. బంగారం బరువు సంఖ్య నూట తొంభై ఏడు. అందులో దాన్ని బంగారం చేసేవి ప్రోటాన్లు, డెబ్భై తొమ్మిది. అవి తీసేస్తే మిగిలేవి న్యూట్రాన్లు, నూట పద్దెనిమిది. అమ్మమ్మ కాసులపేరైనా నిన్న కొన్న ఉంగరమైనా నూట పద్దెనిమిదే. ఎక్కడి నుంచో ఇంకో న్యూట్రాను వచ్చి దూరితే నూట పందొమ్మిదవుతుంది. రంగు మారదు, మెరుపు తగ్గదు, ఏ కంసాలీ పట్టుకోలేడు. కానీ ఆ పరమాణువు నిలవలేదు, విరుగుతూ కిరణాలు చిమ్ముతుంది. అది కూస్తుంది.

అంటే తన పుస్తెల మీద న్యూట్రాన్లు పడ్డాయి. ఎక్కడ పడ్డాయి? పది రోజులుగా తను ఈ గేటు లోపల అడుగే పెట్టలేదు. హైదరాబాదులో సమావేశాలు. మొన్న సాయంత్రం తిరిగొచ్చింది. రెండు రాత్రులు ఇంట్లో పడుకుంది, కూతురి పక్కన.

ఇంట్లో న్యూట్రాన్లు పుట్టించే వస్తువు ఒక్కటే ఉంది. దాన్ని కనిపెట్టింది తనే.

చేతిసంచి అక్కడే పడేసి, కౌంటరు పట్టుకుని, హైమ కొండ దిగువకు పరిగెత్తింది.

*

దాన్ని అందరూ ఆరని రాయి అనేవారు. నిజానికది రాయి కాదు. గుమ్మడికాయంత ఉక్కు గుండు. నడిమధ్యన న్యూట్రాన్లు చిమ్మే లోహపు ముక్క, దాని చుట్టూ లిథియం రజను కూరిన మందపాటి తొడుగు. లిథియం ఆ న్యూట్రాన్లను మంచినీళ్లలా తాగేస్తుంది, తాగిన కొద్దీ వేడెక్కుతుంది. కట్టెలు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. చలికి ముసలీ ముతకా వణికిపోయే కొండ ఊళ్లలో ఇంటికొకటి పెడితే ముప్ఫై ఏళ్లు వెచ్చగా ఉంటారు. ముందు మన సిబ్బంది ఇళ్లలో పెట్టి చూద్దామని అన్నది కూడా హైమే. ఊళ్లోవాళ్లకు ఇచ్చేముందు మనం నమ్మాలి కదా అంది.

రాయి ఇంటికి వచ్చిన సాయంత్రం కూతురు ధాత్రి వంద ప్రశ్నలు వేసింది. ఐదేళ్ల పిల్ల, పట్టిన పట్టు వదలదు. హైమ చాప మీద గింజలు పోసింది. ప్రోటాన్లకు గురివిందలూ, న్యూట్రాన్లకు చింతగింజలూ.

“ఎర్రవి మూడుంటే దాని పేరు లిథియం. చింతగింజలు ఎన్ని కలిపినా పేరు మారదు, బరువే మారుతుంది. ఈ కుప్ప మొత్తం ఆరు గింజలు. అందులో చింతగింజలెన్ని?”

ధాత్రి మూడు గురివిందలను పక్కకు తోసింది. “మూడు.”

“బంగారం! ఇప్పుడీ కుప్ప?”

“లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొక్కటి.” ఎర్రవి తోసేసింది. “నాలుగు!”

“లెక్క సరే, ఒకటిని లాభం అన్నా సరే. ఆరున్నొక్కటి ఏమిటే? ఏడు అనాలి.”

“నానమ్మ అనొద్దంది.”

వంటింట్లో సోలతో బియ్యం కొలుస్తున్న సత్యవతమ్మ తల తిప్పకుండానే అందుకుంది. “ధాన్యం కొలుస్తూ ఆ అంకె అంటే ఇంటిల్లిపాదీ ఏడవాల్సిందే. మీ మావగారి నోటగానీ నా నోటగానీ ఆ మాట ఎప్పుడైనా విన్నావా? నీ సైన్సు నీది, మా భయం మాది.”

“సరే అత్తయ్యా, మీ భయానికో దండం,” అని హైమ నవ్వి, కూతురి వైపు తిరిగింది. “చూడు, ఈ రెండు కుప్పలకీ ఒక్క చింతగింజే తేడా. కానీ మూడున్నది వచ్చిన న్యూట్రాన్నల్లా మింగేస్తుంది. నాలుగున్నది దాదాపు ముట్టుకోదు, దారిచ్చి పంపేస్తుంది. మన రాయిలో మింగేదే ఉంది. అందుకే నువ్వు దాన్ని కావలించుకున్నా నీకేం కాదు.”

ఆ మర్నాడే ఆమె హైదరాబాదు వెళ్లిపోయింది. భర్త మాధవ్ అప్పటికే అరకులో కాఫీ తోటల పని మీద ఉన్నాడు. ఫోన్లో అత్తయ్య చెప్పిన ఫిర్యాదు ఒక్కటే. మన రాయి నులివెచ్చగానే ఉంటోందే, పక్కింటి వాళ్లదైతే దగ్గర కూర్చోలేకపోతున్నాం అంది. పొరుగింటి పుల్లకూర రుచెక్కువ లెండి అని హైమ హాస్యమాడింది. పిల్ల చెయ్యి కాలకుండా ఉంటుంది, అదీ మంచిదే అనుకుంది.

ఇప్పుడు దిగుడులో పరిగెత్తుతూ ఆ మాట తలుచుకుంది. లిథియం తాగితేనే వేడి. నులివెచ్చగా ఉందంటే తాగడం లేదని. తాగకపోతే ఆ న్యూట్రాన్లు ఎటు పోతున్నట్టు? ఇంత చిన్న లెక్క ఫోను పెట్టేసేలోగా తట్టాలి. పరాయి ఇంటి సంగతైతే తట్టేది కూడా.

*

గదిలో ధాత్రి దుప్పటి ముసుగులో ముడుచుకుని ఉంది. రెండు చేతులతో రాయిని పొదువుకుంది.

“ఇవాళ కూడా అన్నం ముట్టలేదే,” అంది సత్యవతమ్మ. “చారు పోసి కలిపితే వాంతి చేసుకుంది. దిష్టి తీశాను. ఆ రాయి చూస్తే చప్పగా చల్లారినట్టుంది, మంచం దాని పక్కకి జరిపి—”

“ఎప్పుడు జరిపారు?”

“నువ్వు వెళ్లిన రోజే.”

హైమ పిల్లను దుప్పటితో సహా ఎత్తుకుని, గది దాటి, వసారా దాటి, పెరటి చివరి జామచెట్టు దాకా వెళ్లి అక్కడ ఆగింది. వెనకాలే అత్తగారు కంగారుగా వచ్చింది. “ఏవిటే, ఏమైంది, చెప్పి చావవే!”

“పిల్లని పట్టుకోండి. మీరిద్దరూ ఇంట్లోకి రావద్దు.”

వసారాలో నీళ్ల తొట్టి ఉంది. న్యూట్రాన్లకు ఇనుప గోడ అడ్డు కాదు గాని నీళ్లు బురద. అందులో పడితే ఈడ్చుకుంటూ ఆగిపోతాయి. హైమ లోపలికి వెళ్లి బావితాడును రాయికున్న ఇనుప పిడులకు ముడివేసి, ఈడ్చింది. గడప దగ్గర తట్టుకుంది. అది నిలిచిన క్షణమల్లా తన ఒంట్లోంచి కనబడనివేవో దూసుకుపోతున్నాయని తెలుసు. ఆమెకు ఏడుపు రాలేదు, భయం దాన్ని కూడా రానివ్వలేదు. ఇటుకల మీద పలక వేసి దొర్లించి తొట్టిలోకి తోసింది. నీళ్లు ఎగిరి మొహాన పడ్డాయి.

తర్వాత కూతురి దగ్గరికి వచ్చి కౌంటరు పెట్టింది. చెవి కమ్మల దగ్గర చిటపట కాదు, వడగళ్లు పడ్డట్టు మోగింది. మరలు తిప్పి కమ్మలు తీసి, దూరంగా గట్టు మీద పెట్టి వచ్చింది. పెరట్లో నిశ్శబ్దంగా ఉంది. హమ్మయ్య అనుకుని మళ్లీ కౌంటరు పిల్ల దగ్గరకు తెచ్చింది.

మోగుతోంది. ఒంటి మీద పిసరు బంగారం లేదు. అయినా మోగుతోంది. బుగ్గ దగ్గర, పొట్ట దగ్గర, అరికాలి దగ్గర.

ఉప్పు. ఒంట్లో ఉప్పు. సోడియం బరువు సంఖ్య ఇరవై మూడు. ప్రోటాన్లు పదకొండు తీసేస్తే న్యూట్రాన్లు పన్నెండు. నెత్తుట్లో, చెమటలో, కంటి నీటిలో ఉండే ఉప్పంతా పన్నెండే. ఇప్పుడు తన బిడ్డ ఒంట్లో కొంత ఉప్పు పదమూడైంది. ఇలాంటి లెక్కలు హైమ ఎన్నో చేసింది, కాగితం మీద. ఒకరి కూతుర్ని పట్టుకుని ఎప్పుడూ చేయలేదు.

“అమ్మా, అది ఎందుకు అరుస్తోంది?” అంది ధాత్రి నీరసంగా.

“నువ్వంటే దానికి ఇష్టంట,” అంది హైమ.

*

ప్రయోగశాలకు ఫోన్ చేసి ముందు చెప్పిన మాట, ఏ ఇంట్లో రాయి నులివెచ్చగా ఉన్నా అందరూ బయటికి రావాలని. రెండోది గిడ్డంగి చూసే పైడిరాజుకు. “బాబాయ్, మా ఇంటి రాయికి పోసిన డ్రమ్ము ఇంకా ఉందా? అందులోంచి ఒక కొలత తీసి తూచు. ఇంకో డ్రమ్ములోంచీ ఒక కొలత తియ్యి.”

రజనును తూకం వెయ్యరు, కొలతగిన్నెతో పోస్తారు. గిన్నె ఒకటే, రజను రంగొకటే. మూడు చింతగింజలున్నదీ నాలుగున్నదీ పక్కపక్కన పోస్తే ఏ కన్నూ పోల్చలేదు. తక్కెడ ఒక్కటే పోలుస్తుంది.

పైడిరాజు ఫోన్లో చెప్పకుండా జీపులో వచ్చేశాడు. వస్తూనే పిల్లను చూశాడు, గట్టు మీద కమ్మలు చూశాడు, తొట్టి వైపు చూశాడు. నలభై ఏళ్లు ధాన్యం కాటాల దగ్గర చేసి, ఆ అలవాటు చేతితో ఇక్కడ చేరిన మనిషి.

“మిగతా డ్రమ్ములు గిన్నెకి ఆరొందలు తూగినాయమ్మా. మీ రాయికి పోసిన దానికి ఆ పైన ఇంకో వంద తూగతన్నాది.”

ఆరు పాళ్లు ఉండాల్సిన చోట ఏడు పాళ్లు. హైమ కళ్లు మూసుకుంది. ఏడులోంచి మూడు తీసేస్తే నాలుగు. పిల్లకు చాప మీద నేర్పిన లెక్కే. ముట్టుకోకుండా దారిచ్చే లిథియం తన ఇంటికే వచ్చింది.

“ఎలా వచ్చింది? ఏడు అంకె ఉన్న డ్రమ్ముల్ని వేరే పైపుల పనికని పక్కన పెట్టేస్తాం కదా. నువ్వు డ్రమ్ము మీది అంకె చదివితే చెవి విని చెబుతుంది కదా!”

చెవి అంటే మాట విని గుర్తుపట్టే యంత్రం. లిథియం తేమ తగిలితే పాడవుతుంది, అందుకని గాజుపెట్టె లోపలికి చేతులు దూర్చి పనిచేస్తారు. రాసుకునే వీలుండదు. అందుకే అంకె పైకి చదివితే యంత్రం వింటుంది. ఆరు అంటే పచ్చదీపం, ఏడు అంటే ఎర్రదీపం.

పైడిరాజు తలపాగా తీసి చేతిలో నలిపాడు. “ఎప్పుడూ ఏడంటే ఎర్రలైటే వచ్చీదమ్మా. పక్కన పెట్టీసీవోణ్ని. ఆ రోజు కొత్త డ్రమ్ము ఇప్పినాను. మన పాప ఇంటికి కదా, పాతది అడుగూబొడుగూ ఎందుకని. దాని మీద అంకె చూస్తే అదే ఉన్నాది.”

“ఏడు.”

“అదే. మరి మీ ఇంటికెల్లీ రాయి. పసిబిడ్డ ఉన్న ఇల్లు. ఆ ఇంటి సరుకు కొలుస్తా ఆ మాట ఎలగంటాను తల్లీ? నోరు రాలేదు. ఆరున్నొక్కటి అన్నాను. పచ్చలైటు ఎలిగినాది. మంచి మాట అన్నాం, మంచే జరిగినాది, ఇదీ పనికొచ్చీదే అనుకున్నాను.”

చెవికి మాటలు నేర్పింది పట్నంలో. ఏడును ఆరున్నొక్కటి అనే మనుషులు ఉంటారని దానికెవరూ చెప్పలేదు. అది ఆరు దాకా విని దీపం వెలిగించేసింది. నేర్పించినవాళ్లలో హైమా ఉంది. సోలతో బియ్యం కొలిచే అత్తగారు ఇంట్లోనే ఉన్నా తట్టలేదు.

హైమకు అతన్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఏమని తిడుతుంది? ఆ మనిషి తన బిడ్డ ఏడవకూడదనుకున్నాడు. అంతకు మించి ఏ పాపమూ చేయలేదు.

“ఆ డ్రమ్ము ఇంకే రాయికైనా పోశావా?”

“లేదమ్మా. మీకోసమే ఇప్పినాను.”

*

విశాఖలో డాక్టర్ కస్తూరి ఇలాంటి ప్రమాదాలు తెలిసిన మనిషి. హైమకు పాత పరిచయం. ఫోన్లో ఆవిడ గొంతు వస్తూ పోతూ ఉంది. కొండ మీద మబ్బు దిగుతోంది. అక్కడ మబ్బు దిగితే ఫోన్లు ఇలాగే సగం మాటలు మింగేస్తాయి.

“పాపకి స్నానం చేయించావా? ఒంటి మీద ఏ నగా లేదు కదా? నేను పంపిన పట్టికలో చూసి కౌంటరుని సరిచేసి పొట్ట మీద పెట్టు. ముల్లు ఆరు దాకా ఉంటే భయం లేదు, ఇంట్లోనే ఉంచి నీళ్లు పట్టు. అది దాటిందంటే ఎముకల్లో మూలుగ దెబ్బతింటుంది, వెంటనే నా దగ్గరికి రావాలి. హెలికాప్టర్ సిద్ధంగా ఉంది. కానీ హైమా, మబ్బు పూర్తిగా కమ్మితే అది దిగలేదు. రోడ్డు మీద వస్తే ఆలస్యమవుతుంది. చూసి చెప్పు.”

పక్కింటి వసారాలో పిల్లను పడుకోబెట్టిన మంచం కోడు పట్టుకుని పైడిరాజు నిలబడ్డాడు. సత్యవతమ్మ మనవరాలి తల ఒళ్లో పెట్టుకుంది. హైమ కౌంటరును ఆ చిన్న పొట్ట మీద ఆనించింది. ముల్లు కదిలింది. నాలుగు దాటింది. ఐదు దాటింది. ఆరు దగ్గర ఆగినట్టే ఆగింది. ఆగు తల్లీ, ఆగు, అని హైమ లోలోపల కాళ్లా వేళ్లా పడింది. ముల్లుకు అవేమీ తెలియవు. అది నెమ్మదిగా ముందుకు జరిగి నిలిచింది.

“హైమా? ఎంత?”

నోరు తెరిచింది. ఆ మాట నాలుక దాకా వచ్చి వెనక్కి పోయింది. బిడ్డ కళ్లెదురుగా ఉంది, బిడ్డ పొట్ట మీద చెయ్యి ఉంది. అంత చదువుకున్న మనిషి, భయాలకు దండం పెట్టి నవ్వే మనిషి, నోట్లోంచి వచ్చిన మాటేదో తనే విని ఉలిక్కిపడింది.

“ఆరు... న్నొక్కటి.”

గరగరమని చప్పుడు. “ఆరా? ఆరేనా? అయితే పరవాలేదు హైమా, గండం తప్పింది. హెలికాప్టర్ని ఆపేయమంటాను, అది ఇంకో చోటికి—”

పైడిరాజు మొహం పాలిపోయింది. అదే మాట, అదే తప్పు, ఈసారి కళ్లెదుట. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణంలో, హైమకు అలాగే వదిలేయాలనిపించింది. పరవాలేదు అన్న మాట ఎంత చల్లగా ఉంది! అది నిజమైతే ఎంత బాగుండును.

“కాదు...” అంది. ఫోను ఆ మాటను మింగేసింది.

ధాత్రి కళ్లు తెరిచి నీరసంగా ముల్లు కేసి చూసింది. అంకెలు వచ్చిన పిల్ల. “ఏడు కదమ్మా అది,” అంది. వెంటనే నానమ్మ వైపు భయంగా చూసి నాలుక కరుచుకుంది. “అనకూడదు కదూ?”

సత్యవతమ్మ పిల్ల తలను మెల్లగా దిండు మీద పెట్టి లేచింది. కోడలి చేతిలోంచి ఫోను లాక్కుంది. వసారా మెట్లు దిగి, మబ్బులోకి, సిగ్నలు దొరికే గట్టు దాకా పరిగెత్తింది. డెబ్భై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులని మెట్లు దిగని మనిషి.

“డాక్టరమ్మా! ఏడు! ఏడమ్మా ఏడు! ఆరు కాదు! వినబడిందా? ఏడు!”

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు. ఒకసారి వచ్చాక ఇక ఆగలేదు. అవతలి నుంచి విన్నానండీ, ఏడు, బయలుదేరమన్నాను, అని డాక్టరు చెప్పాక కూడా ఆవిడ చెంపలు తడిసిపోతుండగా మబ్బులోకి ఏడు, ఏడు అని అరుస్తూనే ఉంది. హైమ వెళ్లి ఆవిడను పట్టుకుంది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు.